మాస్టారి లైబ్రరీలో ఆ ఒక్క లైను

ఆఫీసులో ఆమెను తాళాలమ్మ అనేవారు. మొదట్లో చాటుగానే. తర్వాత ఆమే ఫోనెత్తి "తాళాలమ్మని మాట్లాడుతున్నా, చెప్పండి" అనడం మొదలుపెట్టాక ఆ పేరులో వెటకారం పోయి చనువు మిగిలింది. ముప్పై మూడేళ్ళ మనిషి. మూడేళ్ళ కూతురికి తల్లి. ఆస్పత్రుల నుంచి పసిపిల్లల రక్తం పరీక్షకు వచ్చే ఒక పెద్ద ల్యాబులో కంప్యూటర్ల భద్రత చూసేది. పుట్టిన రెండో రోజున మడమ మీద చిన్న సూదితో పొడిచి తీసిన నాలుగు చుక్కలు అట్టముక్క మీద ఎండి ఆ ల్యాబుకి చేరతాయి. ఫలితాలు కంప్యూటర్ల మీదుగా తిరిగి ఆస్పత్రులకు వెళతాయి. దారిలో వాటిని ఎవరూ చదవకుండా, ఎవరూ ఒక అంకె కూడా మార్చకుండా చూడటం ఆమె పని.

తన కూతురి మడమ మీద సూది గుచ్చిన రోజు ఆమె పాప కంటే ముందు ఏడ్చింది. ఆ తర్వాత ఫలితం వచ్చేదాకా నాలుగు రోజులు, తను పనిచేసే ల్యాబే కదా అని కూడా చూడకుండా, రోజుకు ఆరుసార్లు పై అంతస్తుకి ఫోన్ చేసింది. పై అంతస్తువాళ్ళు ఆ సంగతి ఇప్పటికీ చెప్పి నవ్వుతారు. కానీ ఆ నాలుగు రోజులూ ఎలా ఉంటాయో తెలిసిన మనిషి కాబట్టే ఆమె పని చేసే తీరు వేరు. ప్రతి ఫలితం వెనకా ఫోన్ పక్కన కూర్చున్న ఒక తల్లి ఆమెకు కనిపించేది.

చదివింది రసాయన శాస్త్రం. మొదటి రెండేళ్ళు పై అంతస్తులోనే తెల్లకోటు వేసుకుని గాజు గొట్టాలతో కుస్తీ పట్టింది. ఒకసారి పరీక్ష మెషిన్ ఇచ్చే అంకెలు అనుమానంగా తోచి, వాటిని సరిచూడటానికి తనే ఒక చిన్న ప్రోగ్రాం రాసుకుంది. అది మాస్టారి కంట పడింది.

"ఎవరు రాశారమ్మా ఇది?"

"నేనేనండీ. తప్పుంటే తీసేస్తాను."

"తప్పులు పదకొండున్నాయి. తీసేయకు, నేర్చుకో. రేపటి నుంచి కిందికి వచ్చెయ్."

మాస్టారు ఏనాడూ బడిలో పాఠం చెప్పిన మనిషి కాదు. ఎవరి కాగితంలో తప్పు కనిపించినా జేబులోంచి ఎర్ర పెన్ను బయటికి తీస్తారని ఆ పేరు. ల్యాబులో ప్రోగ్రాములు రాసేవాళ్ళందరికీ ఆయనే పెద్ద. ఫలితాలను ఆస్పత్రులకు పంపే లైబ్రరీ పన్నెండేళ్ళ కిందట ఆయన ఒంటిచేత్తో రాసింది. లైబ్రరీ అంటే పుస్తకాల గది కాదు, పదిమందీ వాడుకోవడానికి ఒకరు రాసిపెట్టిన ప్రోగ్రాం. ల్యాబులో ఏ ప్రోగ్రాం ఆస్పత్రితో మాట్లాడాలన్నా మాస్టారి లైబ్రరీ గుమ్మం దాటాల్సిందే.

ఆయన ఆమెకు నేర్పిన మొదటి పాఠం తాళాల గురించే. రెండు కంప్యూటర్లు ఏదైనా పంపుకునే ముందు ఏ తాళం వేసి పంపుకోవాలో మాట్లాడుకుంటాయి. ఆ తాళాన్నే ఎన్‌క్రిప్షన్ ప్రోటోకాల్ అంటారు. దానికి పాత వెర్షన్లు, కొత్త వెర్షన్లు ఉంటాయి. పాతవాటిని ఎలా తెరవాలో కాలం గడిచేకొద్దీ దొంగలకు తెలిసిపోతుంది. అందుకని ప్రతి కంప్యూటర్లోనూ ఒక చోట, ఒకే ఒక్క చోట, ఇంతకంటే పాత తాళం ఇక్కడ ఎవరూ వాడకూడదని రాసి ఉంటుంది. అది ఆ మెషిన్ మొత్తానికీ డిఫాల్ట్, అంటే ఎవరూ వేరే చెప్పకపోతే నడిచే నియమం. మంచి ప్రోగ్రాం దాన్ని అడిగి నడుచుకుంటుంది. అలా కాకుండా ఏ ప్రోగ్రామైనా ఫలానా వెర్షనే కావాలని పేరు పెట్టి అడిగిందా, మెషిన్ పక్కకు తప్పుకుంటుంది. రాసిన నియమం కాగితం మీదే మిగులుతుంది.

"ప్రోగ్రాం సొంత పెత్తనం చేయకూడదమ్మాయ్," అనేవారు మాస్టారు. "ఏ తాళం వేయాలో మెషిన్‌ని అడగాలి. మెషిన్‌కి ఎవరు చెప్పాలి? ఆ పనికి పెట్టిన మనిషి. రేపు నువ్వు. నువ్వు ఒక్క చోట మారిస్తే మూడొందల మెషిన్లు మారాలి. మధ్యలో ఎవడైనా తన తెలివి చూపిస్తే వాడి చెవి మెలేసి బయటికి పంపు."

ఆమె ఆ మాటను నెత్తిన పెట్టుకుంది. ఎనిమిదేళ్ళలో ఎంతమంది ప్రోగ్రాములు తిప్పి పంపిందో లెక్కలేదు. "ఈ వెర్షన్ నంబరు ఇక్కడ ఎందుకు రాశావ్? మెషిన్‌ని అడగలేవా?" అని ఆమె గొంతు వినిపిస్తే కుర్రకారు కుర్చీల్లో సర్దుకుని కూర్చునేవారు. ఒక్క మాస్టారి లైబ్రరీని మాత్రం ఆమె ఏనాడూ తెరిచి చూడలేదు. నియమం నేర్పినాయన ఇంట్లో సోదా ఎవరు చేస్తారు?

ఆ ఏడు మొదట్లో ఆమె మూడొందల మెషిన్లలోనూ పాత తాళాలు మూసేసింది. నెల తిరక్కుండా బయటి నుంచి తనిఖీవాళ్ళు వచ్చారు. ఇద్దరు మనుషులు, ఒక నల్ల పెట్టె. వైరు మీద వెళ్ళేదాన్ని వినే పెట్టె అది. సాయంత్రానికి వాళ్ళు చెప్పిన మాటకి ఆమెకు తల కొట్టేసినట్టయింది. ఫలితాలు పాత తాళంతోనే వెళుతున్నాయట. అటువైపు ఆస్పత్రులు పాతా కొత్తా రెండూ ఒప్పుకుంటాయి కాబట్టి పని ఆగలేదు, ఎవరికీ తెలియలేదు.

ఆమె నేరుగా మాస్టారి గదికి వెళ్ళింది.

"మాస్టారూ, అడగకూడదు గానీ అడుగుతున్నా. మన లైబ్రరీలో ఎక్కడైనా వెర్షన్ పేరు పెట్టి రాశారా?"

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "నన్నా అడుగుతున్నావు?"

"అబ్బే, ఊరికే..."

"నా లైబ్రరీ మెషిన్ మాటే వింటుంది. తప్పు మధ్యలో ఉంటుంది చూడు. మన వైర్లన్నీ బయటికి వెళ్ళే ఆ నెట్‌వర్క్ పెట్టె దగ్గర. అది వచ్చిన తాళం తీసి, మళ్ళీ తన తాళం వేసి పంపే రకం."

అలాంటి పెట్టెలు ఉన్న మాట నిజమే. ఆ పెట్టె బాధ్యత తీగలాయనది. తీగలాయన అంటే ల్యాబులో వైర్లన్నీ చూసుకునే నలభై ఎనిమిదేళ్ళ మనిషి. చొక్కా జేబులో పెన్ను ఉండే చోట కట్టర్ ఉంటుంది. మాట తక్కువ, గొణుగుడు ఎక్కువ. అందరినీ వరసలు కలిపి పిలుస్తాడు. ఆమెను చెల్లెమ్మా అనేవాడు, ఆమె కూతురు ఆఫీసుకి వస్తే మిగిలిపోయిన రంగురంగుల వైరు ముక్కలతో గాజులు చేసి తొడిగేవాడు.

ఆమె నివేదిక రాసింది. "లోపం లైబ్రరీలో లేదు, నెట్‌వర్క్ పెట్టె అమరికలో ఉంది." కింద సంతకం చేసింది. తీగలాయన ఆ కాగితం రెండుసార్లు చదివాడు.

"చెల్లెమ్మా, పెట్టె ఏమీ విప్పదు. వచ్చింది వచ్చినట్టు పంపుతుంది. మధ్యలో నా పెట్టె లేకుండా ఒక్కసారి చూడరాదూ?"

"చూడాల్సినవాళ్ళు చూశారండీ," అంది ఆమె. చూసింది ఎవరు? ఎవరూ కాదు. ఒకాయన కళ్ళద్దాలు తుడుచుకున్నారు, అంతే.

తీగలాయన్ని కింద నేలమాళిగలో సామాన్ల గదికి మార్చారు. పాత కీబోర్డులు, పనికిరాని తెరలు లెక్కపెట్టే పని. వెళ్ళేటప్పుడు "వస్తాను మేడం" అన్నాడు. చెల్లెమ్మ ఎప్పుడు మేడం అయిందో ఆమెకు అప్పుడు పట్టలేదు.

ఆయన వెళ్ళే ముందే ఆయన చేతే పెట్టె మార్పించారు. రెండు నెలలకి తనిఖీవాళ్ళు మళ్ళీ వచ్చారు. మళ్ళీ అదే మాట, పాత తాళమేనని. ఈసారి డైరెక్టర్ మేడంకి కోపం నషాళానికి ఎక్కింది. కొత్త పెట్టెను కూడా సామాన్ల గదికి వెళ్ళే ముందు అమర్చింది తీగలాయనే కాబట్టి, కావాలని చేశాడో చేతకాక చేశాడో తేల్చడానికి శుక్రవారం మూడింటికి విచారణ అన్నారు. కమిటీలో ముగ్గురు. డైరెక్టర్, పై అంతస్తు పెద్ద డాక్టరు, మాస్టారు. తేలితే ఉద్యోగం పోయినట్టే. సాక్ష్యం ఆమె నివేదికే.

గురువారం పొద్దున్న కూతురికి బూట్లు తొడుగుతూ ఆమె మొగుడికి ఈ సంగతంతా చెప్పింది. అతను ఫ్రిజ్‌లు బాగుచేసే మెకానిక్. బ్రెడ్డు నములుతూ విన్నాడు.

"ఆయన పెట్టె లేకుండా చూశారా?"

"పెట్టె మార్చాం కదా."

"మార్చడం వేరు, తీసేసి చూడటం వేరు. ఫ్రిజ్ చల్లబడలేదంటే నేను ముందు గోడ దగ్గరి వైరు పీకి నా వైరు పెడతాను. అప్పటికీ చల్లబడకపోతే వైరుని తిట్టడం మానేస్తాను. సైన్సు చదివింది నువ్వు, నాకు పాఠం చెప్పాల్సింది నువ్వు."

"నువ్వు ఊరుకో. నాకసలే భయంగా ఉంది."

"ఎందుకు భయం?"

ఆమె ఎడమ బూటు కుడికాలికి తొడిగింది. పాప "అమ్మా, కాలు ఏడుస్తోంది" అంది.

ల్యాబుకి వెళ్ళగానే ఆమె ఖాళీ గదిలో రెండు కంప్యూటర్లు పక్కపక్కన పెట్టింది. రెండింటి మధ్య మూరెడు వైరు. పెట్టె లేదు, గోడ లేదు, తీగలాయన లేడు. పంపే కంప్యూటర్లో పాత తాళాలు మూసేసి ఉన్నాయని మూడుసార్లు సరిచూసుకుంది. అవతలి కంప్యూటర్లో మాత్రం ఆస్పత్రుల్లోలాగే రెండు రకాలూ ఒప్పుకునేలా తనే ఒక చిన్న ప్రోగ్రాం నడిపింది. ఇటునుంచి మాస్టారి లైబ్రరీతో ఒక ఉత్తుత్తి ఫలితం పంపింది.

తెర మీద పాత వెర్షన్ నంబరు కనపడింది.

ఆమె వైరు పీకి మళ్ళీ పెట్టింది. మళ్ళీ అదే. లైబ్రరీ బదులు మామూలు ప్రోగ్రాంతో పంపింది. కొత్త నంబరు. లైబ్రరీతో పంపింది. పాత నంబరు. కుర్చీ వెతుక్కుని కూర్చుంది.

ఎనిమిదేళ్ళలో మొదటిసారి మాస్టారి లైబ్రరీని తెరిచింది. ఆయన చేతిరాతలాగే శుభ్రంగా, ఒద్దికగా ఉంది. పంపే భాగం మొత్తం చదివింది. వెర్షన్ పేరు ఎక్కడా లేదు. ఒక్క నిమిషం ఆమెకు ఆశ పుట్టింది. తర్వాత 'ఇతరాలు' అని పేరున్న ఒక ఫైలు కనిపించింది. అందులో తేదీల అమరిక, అంకెల రౌండింగ్, వాటి మధ్యలో ఒక లైను. ఫలానా వెర్షన్, అదొక్కటే, పేరు పెట్టి.

అది కూడా ఆమె తట్టుకునేదేమో. పన్నెండేళ్ళ కిందట రాసిన లైను, ఆయన మర్చిపోయి ఉండొచ్చు, మనిషన్నాక మరుపు రాదా అని ఆమె మనసు అప్పుడే ఆయన తరఫున వాదించడం మొదలుపెట్టింది. కానీ ఏ లైను ఎవరు ఎప్పుడు మార్చారో రాసిపెట్టే చరిత్ర కూడా పక్కనే ఉంటుంది. ఆమె అది తెరిచింది. ఆ లైను పన్నెండేళ్ళూ పంపే భాగంలోనే, కళ్ళెదుటే ఉంది. 'ఇతరాలు' ఫైలులోకి మారింది ఈ ఏడే. ఆమె ఆయన గదిలోకి వెళ్ళి అడిగిన రోజుకి సరిగ్గా మర్నాడు, పొద్దున్న తొమ్మిదీ పదికి. మార్చింది మాస్టారు. కారణం రాసే చోట రెండు మాటలు: "శుభ్రం చేశాను."

ఆమె ఆ పేజీని కాగితం మీదికి ప్రింటు తీసుకుంది.

మధ్యాహ్నం ఆయన గదికి వెళ్ళింది. ఆయన ఎవరిదో కాగితం మీద ఎర్ర పెన్నుతో గీతలు గీస్తున్నారు.

"రా అమ్మాయ్. రేపటి విచారణకి నీ నివేదిక కాపీలు తీశావా?"

"ఇతరాలు ఫైలు చూశాను మాస్టారూ."

పెన్ను ఆగింది. ఆయన తలెత్తలేదు.

"ఆ లైను రాసినరోజున అదే అన్నిటికంటే గట్టి తాళం," అన్నారు. "అప్పట్లో మెషిన్ల డిఫాల్టులు చచ్చు. వాటిని నమ్మితే పిల్లల ఫలితాలు వీధిలో పడేవి. అందుకని నేనే పేరు పెట్టి రాశాను. మంచికే రాశాను."

"నిజమే. ఆ రోజుకి మంచిదే. తర్వాత తీసేయాలి కదా."

"మర్చిపోయాను."

"మర్చిపోయినవాళ్ళు తొమ్మిదీ పదికి వచ్చి ఫైలు మార్చరండీ."

ఆయన లేచి తలుపు దగ్గరగా వేశారు. ఏ తప్పయినా నలుగురిలో చెప్పాలనే మనిషి.

"చూడమ్మా. నాకు ఇంకా నాలుగు నెలలే సర్వీసు. పన్నెండేళ్ళు ఈ లైబ్రరీ పేరు చెప్పి బతికాను. నేను రిటైరయ్యాక నువ్వు మెల్లగా ఆ లైను తీసెయ్. ఎవరికీ తెలియదు."

"తీగలాయన?"

"ఆయనకి ఇంకో చోట పని దొరుకుతుంది. చేతిలో విద్య ఉంది."

"నా సంతకంతో ఆయన్ని పంపిస్తున్నారు."

"సంతకం నువ్వు చేశావు. నేను చేయమన్నానా?"

నిజమే, ఆయన చేయమనలేదు. కళ్ళద్దాలు తుడుచుకున్నారు, అంతే. అసలు ఆమె మనసు విరిగింది ఆ లైను వల్ల కాదు. అలవాటైన ఆ గొంతులోనే, పదకొండు తప్పులున్నాయి నేర్చుకో అన్న గొంతులోనే, ఆయన ఆ మాట అనగలగడం వల్ల.

ఇంటికి వెళ్ళాక మొగుడు ఏమైందని అడిగాడు. "వైరు మంచిదే," అంది. ఆ రోజు వంట అతనే చేశాడు.

శుక్రవారం మూడింటికి గదిలో ఐదు కుర్చీలు. తీగలాయన ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. జేబులో కట్టర్ లేదు. మాస్టారు డైరెక్టర్ పక్కన కూర్చుని కాగితాలు సర్దుతున్నారు. ఆమె వైపు చూడలేదు.

"మీ నివేదిక చదవండి," అన్నారు డైరెక్టర్ మేడం.

"అది తప్పు మేడం. వెనక్కి తీసుకుంటున్నాను."

"తప్పంటే?"

"లోపం పెట్టెలో లేదు. లైబ్రరీలో ఉంది. మెషిన్ నియమాన్ని అది పట్టించుకోవడం లేదు. నిన్న రెండు కంప్యూటర్లు నేరుగా కలిపి చూశాను."

"మరి అప్పుడు లైబ్రరీలో లేదని ఎలా రాశారు? ఎవరి మాట మీద?"

ఆమె వెంటనే చెప్పలేదు. మాస్టారికి ఆ సందు వదిలింది. ఒక్క మాట చాలు, "నా మాట మీద" అని ఆయన అంటే చాలు, మిగతాదంతా కడుపులో పెట్టుకోవడానికి ఆమె సిద్ధంగా ఉంది. ఆ ఖాళీలో ఆయన గొంతు సవరించుకున్నారు.

"భద్రత విషయంలో తుది బాధ్యత ఈ అమ్మాయిది," అన్నారు. "తను తెరిచి చూసే రాసిందనుకున్నాను."

పెద్ద డాక్టరు ఆమె వైపు తిరిగాడు. తీగలాయన మాత్రం మాస్టారి వైపే చూస్తున్నాడు, ఊడిపోయిన వైరును చూసినట్టు.

"తెరిచి చూడలేదు," అంది ఆమె. "చూడకపోవడం నా తప్పు, అది రాసుకోండి. ఇది కూడా చూడండి." చరిత్ర కాగితం బల్ల మీద పెట్టింది. తేదీ, టైము, పేరు, రెండు మాటలు. డైరెక్టర్ మేడం చదివి, కాగితాన్ని మాస్టారి ముందుకు జరిపారు. ఆయన ఎర్ర పెన్ను తీయలేదు.

ఆ సాయంత్రానికే తీగలాయన పాత పని ఆయనకిచ్చేశారు. మాస్టారు సెలవు పెట్టారు. ఆమె ఫైలులో మచ్చ పడింది. ఏడాది పాటు ఆమె ఒక్క సంతకంతో ఏ నివేదికా చెల్లదు. రెండో మనిషి కళ్ళారా చూసి సంతకం చేయాలి.

సోమవారం ఆ లైను తీసేయాలి. తీసేశాక వైరు మీద ఏ తాళం వెళుతోందో చూసి చెప్పే రెండో మనిషి కావాలి. అది తెలిసినవాడు ల్యాబులో ఒక్కడే. ఆమె నేలమాళిగకి దిగింది. ఆయన తన సామాన్లు అట్టపెట్టెలో సర్దుకుంటున్నాడు.

"అన్నయ్యా, నన్ను క్షమించమని అడగడానికి..."

"ఏ గదిలో చూడాలి?" అన్నాడు ఆయన.

పైకి వచ్చి తన పరికరం వైరుకి తగిలించాడు. ఆమె ఆ లైను మీద వేలు పెట్టి చూపించింది. తీసేసింది. దాని చోట ఇంకేమీ రాయలేదు. ఆ చోట రాయాల్సింది ఏమీ లేదు. ఫలితం పంపింది. ఆయన తెర మీదకి వంగి నంబరు చదివాడు. కొత్తది. మళ్ళీ పంపమన్నాడు. పంపింది. కొత్తదే. ఆమె మెషిన్ నియమాన్ని ఒక మెట్టు పైకి మార్చి మళ్ళీ పంపింది. లైబ్రరీ మారు మాట్లాడకుండా ఆ మెట్టెక్కింది.

"ఇప్పుడు వింటోంది," అన్నాడు. కాగితం తీసుకుని ఆమె సంతకం కింద తన సంతకం పెట్టాడు.

"టీ తాగి వెళ్ళండి."

ఆయన గడియారం చూసుకున్నాడు. టీకి టైముందా లేదా అని కాదు.

"మనం మొదలుపెట్టి ఎంతైంది మేడం? ఐదు నిమిషాలు. ఈ ఐదు నిమిషాలే నేను అడిగింది." పరికరం విప్పి, వైరు మోచేతికి చుట్టుకున్నాడు. "మాస్టారు నన్ను ఎప్పుడూ మనిషిగా చూడలేదు, ఆయన మీద నాకేం లేదు. మీ పాప చేతులకి గాజులు చేశాను నేను."

తలుపు చప్పుడు కాకుండా వేసుకుని వెళ్ళాడు. ఆమె ఆ కాగితం మీద రెండు సంతకాలూ ఆరేదాకా కూర్చుని, తర్వాత మిగిలిన మెషిన్లన్నిటికీ కొత్త లైబ్రరీ పంపడం మొదలుపెట్టింది.